రేవు బాగుచేస్తామంటే మా పడవలు ఎక్కడ కట్టుకోవాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో పడవల రేవు చాలాచోట్ల ఒకే తీరుగా ఉంటుంది. ఉప్పుటేటి ఒడ్డునో, బకింగ్‌హాం కాలువ గట్టునో కాస్త మెరక, పాతిన గుంజలకు తాళ్లతో కట్టిన ఫైబర్ పడవలు, వలలు బాగుచేసుకునే తాటాకు పందిరి, తెల్లవారకముందే చేపల వేలం జరిగే నేల. దానికి గేటు ఉండదు, బోర్డు ఉండదు. జెట్టీ, బోటింగ్ కేంద్రం, నడక దారి, హౌస్‌బోట్లు వస్తాయన్న కబురు రాగానే కొలతలు మొదలయ్యేది ఇలాంటి చోట్లలోనే. అప్పుడు అందరూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. రేవు బాగుపడాలనే నా కోరిక కూడా. అయితే ఇప్పుడున్న పడవలకు చోటు ఎక్కడో కాగితం మీద తేల్చకుండా పొక్లెయిన్ ఏటి ఒడ్డుకు రాకూడదు.

మా తాతల కాలం నుంచి ఇక్కడే పడవలు కడుతున్నాం. ఇప్పుడు ఎవరో వచ్చి తీసేయమంటే తీసేయాలా?

పడవ మీది. దాన్ని కట్టే చోటు మాత్రం చట్టం దృష్టిలో ప్రభుత్వానిది. ఈ తగాదాలన్నిటికీ మూలం ఇదే. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఎవరి సొంతమూ కాని ఏర్లు, కాలువలు, వాటి గర్భాలు, ఒడ్లు ప్రభుత్వ ఆస్తి అని అది చెబుతుంది. రెవెన్యూ రికార్డుల్లో మీ రేవు ‘ఏటి పోరంబోకు’గానో ‘కాలువ పోరంబోకు’గానో ఉంటుంది.

అయినా రాత్రికి రాత్రి తాళ్లు కోసి పడవలను లాగిపారేయడానికి వీల్లేదు. అదే చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం ముందు నోటీసు ఇవ్వాలి. ఏ భూమి గురించో అందులో రాయాలి, మీ సంజాయిషీ వినాలి. ఆ ఉత్తర్వు మీద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో చెప్పింది. పద్ధతి ప్రకారం నోటీసిచ్చి, విచారించి ఖాళీ చేయించవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. అందువల్ల ఆ తీర్పు మీ చేతికి ఇచ్చేది గడువు, మాట చెప్పుకునే అవకాశం. శాశ్వత హక్కు దానితోనే వచ్చేయదు.

నోటీసు నోటిమాటగా చెబితే రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. అడిగిన సంగతిని కూడా కాగితం మీద పెట్టి, నకలు మీద కార్యాలయం ముద్ర వేయించుకోండి.

అన్నేళ్ల వాడుకకు విలువే లేదా?

ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం పరుల స్థలాన్ని బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా 20 ఏళ్లు వాడుకుంటే వాడుక హక్కు ఏర్పడవచ్చు. ప్రభుత్వ స్థలమైతే 30 ఏళ్లు. ఊరి ఆచారంగా వచ్చే హక్కులను 18వ సెక్షన్ గుర్తిస్తుంది. పడవల రేవు విషయంలో ఇది నిలబడుతుందా లేదా అన్నది మీరు చూపే రుజువులను బట్టి కోర్టు తేల్చవలసిన సంగతి. రుజువు లేకుండా తాతల పేరు ఎన్నిసార్లు చెప్పినా ఫైలులోకి ఒక్క అక్షరమూ ఎక్కదు.

కమల్‌నాథ్ కేసుగా పేరుపడిన ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు కూడా తెలిసి ఉండాలి. నదులు, తీరాలు ప్రజలందరి తరఫున ప్రభుత్వం కాపాడవలసిన ఆస్తులని, వాటిని ప్రైవేటు లాభానికి ధారాదత్తం చేయకూడదని అందులో తేల్చింది. రేవును ఒక కాంట్రాక్టరుకు లీజుకిచ్చి, మిగతావారు లోపలికి రాకుండా కంచె వేసే పరిస్థితి వస్తే మొదట ఎత్తిచూపవలసింది ఈ తీర్పునే.

ఏటేటా కొంత రుసుం కట్టి రసీదు తీసుకుంటున్నాం. అది హక్కు పత్రం కాదా?

కాదు. అది అనుమతి. అనుమతి ఇచ్చినవారు సాధారణంగా దాన్ని వెనక్కి తీసుకోగలరు. పైగా ‘హక్కుగా వాడుకున్నాం’ అన్న వాదనకు ఆ రసీదే ఎదురు సాక్ష్యం కావచ్చు. కానీ మీరు ఆ చోటును ఏ సంవత్సరం నుంచి వాడుతున్నారో చూపడానికి దానికి మించిన కాగితం లేదు. జాగ్రత్తగా దాచండి, వకీలుకు తప్పకుండా చూపించండి.

ఇంతకీ రేవు ఎవరి చేతిలో ఉంటుంది?

ఒకరి చేతిలో ఉండదు. మనవాళ్లు కాళ్లరిగేలా తిరిగేది అందుకే. భూమి రెవెన్యూది. కాలువ, గట్టు జలవనరుల శాఖవి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలు 2008లో 4వ జాతీయ జలమార్గంలో చేరాయి కాబట్టి బకింగ్‌హాం కాలువలో రవాణాకు సంబంధించిన పనులపై అంతర్గత జలమార్గాల సంస్థకూ మాట ఉంటుంది. కృష్ణపట్నం వంటి చోట పోర్టు హద్దుల లోపల మారిటైమ్ బోర్డు ఉంటుంది. పడవ రిజిస్ట్రేషను మత్స్యశాఖది, మడ చెట్లుంటే అటవీశాఖ, బోటింగ్ అయితే పర్యాటక శాఖ.

అర్జీని జిల్లా కలెక్టరుకు పెట్టి, మిగతా శాఖలన్నిటికీ నకళ్లు పంపండి. ‘మా పరిధి కాదు’ అని ఏ శాఖ జవాబిచ్చినా రాతలో తీసుకోండి. ఆ కాగితం తరువాత పనికొస్తుంది.

మాది సముద్రం ఒడ్డు కాదు, లోపలి ఏరు. తీర నియంత్రణ నిబంధనలు మాకు వర్తిస్తాయా?

పోటు నీళ్లు వచ్చే ఏరైతే వర్తిస్తాయి. మంచి ఎండాకాలంలో కొలిచినప్పుడు నీటిలో ఉప్పదనం లీటరుకు 5 గ్రాముల దాకా ఉన్నంత దూరం తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధే. ఏటి ఒడ్డున ఆ పరిధి 2011 నోటిఫికేషన్ ప్రకారం 100 మీటర్లు, 2019 నోటిఫికేషన్ ప్రకారం 50 మీటర్లు. ఏటి వెడల్పు అంతకన్నా తక్కువైతే ఆ వెడల్పే లెక్క. తీర పటానికి కొత్త నిబంధనల కింద ఆమోదం వచ్చేదాకా పాత నోటిఫికేషనే నడుస్తుంది. అందుకే ‘ఈ పనికి ఏ నోటిఫికేషన్ కింద, ఏ తేదీన అనుమతి ఇచ్చారు?’ అన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.

పటంలో మా రేవు లేదు. దానివల్ల నష్టం ఉందా?

ఇంతకు మించిన నష్టం లేదు. ఈ విషయం కాస్త విడమరిచి చెప్పాలి.

ఒక సమావేశంలో బల్ల మీద రంగుల పటం పరిచారు. ఏరు నీలంగా, మడ చెట్లు పచ్చగా, కొత్తగా రాబోయే జెట్టీ ఎర్రగా ఉన్నాయి. పడవలుండే ఒడ్డు తెల్లగా, ఖాళీగా ఉంది. ఒక పెద్దాయన ముందుకు వచ్చి, ఆ తెల్లటి చోట వేలు పెట్టి, ‘అయ్యా, ఇక్కడ మా పడవలుంటాయి. ఇక్కడ ఆడవాళ్లు చేపలు ఎండేస్తారు. ఇది మీ పటంలో ఏది?’ అని అడిగాడు. బల్ల అవతల ఉన్న అధికారి పటాన్ని చూశాడు, పక్కనున్న ఇంజినీరును చూశాడు. ఉపగ్రహ చిత్రం తీసిన రోజున పడవలు వేటలో ఉండి ఉంటాయని ఇంజినీరు చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. పొద్దున తొమ్మిదింటికి తీసిన బొమ్మలో రేవు ఖాళీ నేలలాగే కనబడుతుంది. ఖాళీ నేలగా నమోదైన చోటును తీసుకోవడానికి ఎవరినీ అడగనక్కర లేదు.

మత్స్యకార గ్రామాలు, వారి ఉమ్మడి ఆస్తులు, జెట్టీలు, ఐసు ప్లాంట్లు, చేపలు ఎండేసే దిబ్బలు సర్వే నంబర్లున్న పటాల మీద గుర్తించాలని తీర నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి మీ రేవును పటంలోకి ఎక్కించమనడం దయ కోరడం కాదు. ముసాయిదా పటం మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు రేవు సర్వే నంబరు, నాలుగు హద్దులు, పడవల సంఖ్య, ఫోనులో తీసిన స్థాన వివరాల ఫొటోలు జతచేసి దరఖాస్తు ఇవ్వండి. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఫొటోలు తీయడానికి అంతకు మించిన కాలం లేదు. ఏ ప్రాజెక్టు కబురూ లేని ఊళ్లు కూడా ఈ పని ఇప్పుడే చేసిపెట్టుకుంటే మంచిది.

ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందా?

పనిని బట్టి. పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ (2006) షెడ్యూలులో పోర్టులు, ఏటా 10,000 టన్నులు, ఆపైన చేపలు దించే హార్బర్లు ఉన్నాయి. ఆ షెడ్యూలులోకి రాని చిన్న పర్యాటక జెట్టీకి సాధారణంగా అలాంటి సభ జరగదు. అందుకే చిన్న పనుల దగ్గర మరింత అప్రమత్తంగా ఉండాలి.

సభ జరిగేటట్లయితే కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. సభనంతా వీడియో తీయాలి. చివర్లో సభా వివరాలను తెలుగులో చదివి వినిపించాలి. ఆ చదివే వేళకు జనం లేచి బస్సెక్కేస్తారు. దయచేసి కూర్చోండి. మీరన్న మాట అందులో ఉందో లేదో చూసుకునేది అప్పుడే. లేకపోతే అక్కడికక్కడే చేర్చమనండి. కోరం నిబంధన లేదు కాబట్టి సభను బహిష్కరిస్తే అది ఆగదు, మీ మాట లేకుండా ముగుస్తుంది.

పరిహారం వస్తుందా?

2013 భూసేకరణ చట్టంలో ప్రభావిత కుటుంబం అంటే ఎవరో చెప్పే 3వ సెక్షన్‌ను చదివించుకోండి. భూసేకరణకు ముందు మూడేళ్లుగా నీటి వనరుల మీద ప్రధానంగా ఆధారపడి బతికే కుటుంబాలు, మత్స్యకారులు, పడవ నడిపేవారు అందులో పేరుపెట్టి ఉన్నారు. సెంటు భూమి లేకపోయినా లెక్కలోకి వస్తారన్నమాట.

చిక్కల్లా మరో చోట ఉంది. ఆ చట్టం కదలాలంటే భూసేకరణ జరగాలి. రేవు ఎలాగూ ప్రభుత్వ పోరంబోకే, సేకరించవలసింది ఏమీ లేదంటారు. అలాంటప్పుడు ప్రాజెక్టుకు వేసే రోడ్డుకో, పార్కింగుకో పక్కన పట్టా భూమి తీసుకుంటున్నారేమో చూడండి. తీసుకుంటుంటే సామాజిక ప్రభావ అంచనాలో పడవ కుటుంబాలనూ చేర్చమని పట్టుబట్టండి. భూసేకరణే లేకపోతే పరిహారాన్ని ప్రాజెక్టు ఉత్తర్వులోనే షరతుగా రాయించుకోవాలి. పనులు మొదలయ్యాక ఆ బేరానికి బలం ఉండదు.

పడవ సొంతంగా లేనివారి సంగతి?

జాబితాలు రాసేటప్పుడు పడవ యజమానుల పేర్లతో ఆపేస్తారు. ఒక్క ఫైబర్ పడవ మీద సరంగు (పడవ నడిపేవాడు), కళాసీలు (పడవ మీది పనివాళ్లు) వాటాకు పనిచేస్తారు. ఒడ్డున వేలం పాడే ఆడవాళ్లు, తట్టలతో ఊళ్లకు తిరిగేవారు, ఎండుచేపల వారు, ఐసు మోసేవారు ఉంటారు. రేవు నాలుగు కిలోమీటర్లు జరిగితే పడవ యజమాని ఇంజను వేసుకుని పోగలడు. తలమీద తట్ట పెట్టుకునే ఆవిడకు ఆ నాలుగు కిలోమీటర్లే ఆ రోజు లాభాన్ని మింగేస్తాయి.

యానాదుల పరిస్థితి మరీ కష్టం. పాటు సమయంలో ఏట్లో దిగి పీతలు, రొయ్యలు చేతులతో పట్టి బతికే కుటుంబాలకు పడవ కాగితం ఎక్కడినుంచి వస్తుంది? వారు ఆధారపడిన మడ అడవి రికార్డుల్లో అటవీ భూమిగా ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద చేపలు, ఇతర నీటి ఉత్పత్తుల మీద సామూహిక హక్కు కోరవచ్చు. ఆ దరఖాస్తు గ్రామసభ నుంచి మొదలవ్వాలి. పట్టపు (మత్స్యకార కులం) పెద్దలు తమ జాబితా రాసుకునేటప్పుడు పక్కనే ఉన్న యానాది కాలనీని పిలిచి కూర్చోబెట్టుకోవాలని నా గట్టి విన్నపం. వారి పేర్లు లేని జాబితా సగం జాబితానే.

దగ్గరలో పెద్ద హార్బరు ఉంది, అక్కడికి పొమ్మంటున్నారు. పోవచ్చు కదా?

బోగోలు మండలం జువ్వలదిన్నెలో కట్టినలాంటి హార్బరు మరపడవలకు నిజంగా మేలు. లోతు, డీజిలు, ఐసు, వేలం షెడ్డు ఒకేచోట దొరుకుతాయి. రోజూ వేకువన వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే చిన్న పడవకు లెక్క వేరు. ఇల్లు ఒకచోట, పడవ మరోచోట ఉంటే రాత్రి కాపలాకు మనిషి కావాలి. తుపాను హెచ్చరిక వస్తే వెంటనే ఏట్లోకి తెచ్చి కట్టుకునే వీలు పోతుంది. వెళ్లే ముందు అడగవలసినవి: చిన్న పడవలకు విడిగా చోటు గుర్తించారా, రుసుం ఎంత, అది ఏటా పెరుగుతుందా, పాత రేవును అత్యవసరానికి వాడుకోనిస్తారా.

మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి రాతి గోడలు కడితే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. కొత్త కట్టడానికి ఉత్తరాన ఉన్న ఊరివాళ్లు తమకు సంబంధం లేదనుకోకూడదు. ఏటి మొగ పూడిపోతే తవ్వే బాధ్యత ఎవరిదో కూడా ముందే రాయించుకోవాలి.

హౌస్‌బోట్లు వస్తే ఊరికి ఆదాయం కదా, ఎందుకు అభ్యంతరం?

ఆదాయం రావచ్చు. వచ్చిన చోట్ల ఏం జరిగిందో కూడా చూడాలి. కేరళలో వడ్లు మోసిన కెట్టువళ్లం అనే పడవలే హౌస్‌బోట్లుగా మారాయి. వేంబనాడు సరస్సులో అవి పెరిగేకొద్దీ మురుగు, డీజిలు చమురు, వలలకు తగిలే నష్టం గురించి గొడవలు పెరిగాయి. శ్రీనగర్ దాల్ సరస్సులో తరతరాల హౌస్‌బోట్ యజమానులకే మరమ్మతులు, రిజిస్ట్రేషన్ల మీద ఏళ్లపాటు ఆంక్షలు నడిచి, 2021లో ప్రత్యేక విధానం వచ్చింది.

లండన్‌లో థేమ్స్ ఒడ్డున చెల్సీలో పడవల్లోనే కాపురముండే జనం ఉన్నారు. అక్కడి ఒక తగాదాలో 2000 సంవత్సరంలో అప్పీలు కోర్టు ఏమందంటే, ఒడ్డుకు కట్టి కరెంటు, నీళ్లు కలిపినా పడవ పడవే, చరాస్తే, అద్దె ఇంటికి ఉండే రక్షణ దానికి లేదు. అంత డబ్బున్న నగరంలోనూ కట్టే చోటు చేతిలో ఉన్నవాడిదే పైచేయి అయింది. మన ఉప్పుటేళ్లకూ ఆ సూత్రం వర్తిస్తుంది కాబట్టే చోటు గురించి ఇంతగా చెబుతున్నాను.

మత్స్యకారులు గెలిచిన సందర్భమూ ఉంది. వేంబనాడు సరస్సులో నెడియతురుత్తు దీవి మీద కట్టిన రిసార్టు వల్ల తమ పాతువలలు పోయాయని అక్కడివారు కోర్టుకెక్కారు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ రిసార్టు కూల్చివేతను ఖాయం చేసింది.

నెల్లూరు నగరంలో పెన్నా ఒడ్డున హౌస్‌బోట్లు పెట్టవచ్చా?

బ్యారేజీ ఎగువన నీళ్లు నిలుస్తాయి కాబట్టి బొమ్మల్లో అందంగానే ఉంటుంది. కానీ 2021 నవంబరును మరిచిపోగలమా? పెన్నా పొంగి నగరంలో ఒడ్డు కాలనీలు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట, జాతీయ రహదారి కోసుకుపోయాయి. అలాంటి వరదలో కట్టు తెంచుకున్న ఇంటంత పడవ నేరుగా బ్యారేజీ గేట్ల మీదికి పోతుంది. ఎండాకాలంలో మరో చిక్కు: నీరు తగ్గితే పడవ బురదలో కూలబడుతుంది. స్వర్ణాల చెరువులో పగటి షికారు వేరు, నదిలో రాత్రి బస వేరు. వరదకాలంలో పడవలను ఎక్కడికి చేరుస్తారో చెప్పని ఏ ప్రణాళికనూ నేను సమర్థించలేను.

షికారు పడవలు మేమే నడుపుకోవచ్చా?

నడుపుకోవచ్చు, నడుపుకోవాలి కూడా. ఏటి లోతు మీకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. కానీ వేట పడవలో జనాన్ని ఎక్కించకండి. 2017 నవంబరు 12న కృష్ణా నది పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది మన ఒంగోలు వాళ్లే. 2021 అంతర్గత నౌకల చట్టం ప్రకారం ఇంజను ఉన్న ప్రయాణికుల పడవకు సర్వే, రిజిస్ట్రేషను, బీమా, అర్హత ఉన్న సరంగు, లైఫ్ జాకెట్లు తప్పనిసరి. మీ మత్స్యకార సహకార సంఘం పేరుతో దరఖాస్తు పెట్టండి. టెండరు షరతుల్లో స్థానిక సంఘానికి మొదటి అవకాశం ఇవ్వాలని ముందే అడగండి.

ఊళ్లో దురాయి (ఊరి కట్టుబాటు) వేశాం. సరిపోతుందా?

ఊరిని ఒక్కమాట మీద నిలపడానికి దురాయి పనికొస్తుంది. కోర్టులో దానికి విలువ లేదు. అదే మాటను గ్రామసభలో పెట్టి, సంతకాలతో తీర్మానం చేయించండి. భిన్నంగా మాట్లాడిన కుటుంబాన్ని వెలివేయడం, జరిమానా వేయడం మాత్రం వద్దు. అది నేరం కావచ్చు, న్యాయమైన పోరాటం ఆ ఒక్క కేసుతో చెడిపోతుంది.

ఏయే కాగితాలు పోగుచేయాలి?

పడవ రిజిస్ట్రేషను, డీజిలు రాయితీ రసీదులు, వేట నిషేధ భృతి జాబితాలో మీ పేరున్న పుట, సహకార సంఘం సభ్యత్వం, తుపాను నష్టపరిహారం వచ్చిన పాత ఉత్తర్వులు, పెళ్లి ఆల్బముల్లో రేవు కనిపించే ఫొటోలు. తహసీల్దారు కార్యాలయం నుంచి రేవు సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (క్షేత్ర కొలతల) పటం, ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూమి రిజిస్టరు) నకలు తీసుకోండి. ప్రాజెక్టు ఫైలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయిలో రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు.

కోర్టుకు వెళ్లాలంటే ఎంత గడువు?

పర్యావరణ అనుమతిని సవాలు చేస్తూ జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో వెళ్లాలి. సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. తీర నిబంధనల ఉల్లంఘన వంటి ఇతర వివాదాలకు ఆరు నెలలు, దాని మీద మరో 60 రోజులు. మన ప్రాంతానికి ధర్మాసనం చెన్నైలో ఉంది. పోరంబోకు నుంచి ఖాళీ చేయించడం, వాడుక హక్కు వంటివి ట్రిబ్యునల్ పరిధిలోకి రావు, వాటికి సివిల్ కోర్టో, హైకోర్టో.

ఖర్చుకు భయపడేవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. బీసీ మత్స్యకార మగవారికి ఆదాయ పరిమితి అడ్డురావచ్చు. రేవులో వేలం పాడే మహిళలు తామే అర్జీదారులుగా నిలబడితే ఆ అడ్డు ఉండదు, వారి నష్టమూ రికార్డుకెక్కుతుంది.

పనులు మొదలైపోయాయి. ఇప్పుడేం చేయాలి?

యంత్రాలకు అడ్డంగా పడుకుంటే కేసులు మీ పిల్లల మీద పడతాయి. మొదటి రోజే తేదీ, స్థలం కనబడేలా వీడియో తీయండి. మడ చెట్లు నరికినా, ఏట్లో మట్టి పోసినా దగ్గరగా తీయండి. పని బోర్డు మీద ఉన్న ఉత్తర్వు నంబరు, కాంట్రాక్టరు, అంచనా విలువ రాసుకోండి. బోర్డే లేకపోతే అది కూడా ఫిర్యాదులో రాయండి. ఆ రోజే కలెక్టరుకు, తీర మండలి నిర్వహణ అధికార సంస్థకు, కాలుష్య నియంత్రణ మండలికి స్పీడు పోస్టులో పంపండి. ట్రిబ్యునల్ గడువు లెక్కకు పని మొదలైన తేదీ కీలకం. పడవలను రేవు నుంచి మీ అంతట మీరు తీసేయకండి. వరదో తుపానో వచ్చి తీయవలసి వస్తే వెంటనే తీసేయండి, ప్రమాదం తగ్గాక తిరిగి అక్కడే కడతామని తహసీల్దారుకు వీలైనంత త్వరగా ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకోండి.